మన పొలాలమీదుగా పోవు డేగ



2025 నవంబరు నెలలో, మన ప్రాంతమున వరికోతలు ముమ్మరముగా సాగుచున్న రోజులలో, ఒక చిన్న డేగ మణిపూరు కొండలనుండి బయలుదేరినది. తెలంగాణలో ఒక రాత్రి విడిది చేసినది. మహారాష్ట్రలో కొద్ది గంటలు ఆగినది. అక్కడినుండి అరేబియా సముద్రమును దాటి ఆఫ్రికా ఖండమందలి కెన్యా దేశము చేరినది. పోయిన దూరము సుమారు 5,600 కిలోమీటర్లు. పట్టిన కాలము ఆరున్నర రోజులు. ఈ జాతి పక్షి బరువు నూటయేబది గ్రాములకు అటూ ఇటూగా ఉండును. అనగా మూడు కోడిగ్రుడ్ల ఎత్తు.

ఆ రాత్రి అది ఏ ఊరి పొలిమేరలో వాలినదో ఆ ఊరివారికి తెలియదు. దాని వీపున కట్టిన చిన్న యంత్రము ద్వారా డెహరాడూనులోని భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రజ్ఞులకు తెలిసినది. ఇది సంతోషింపదగిన విషయమే. కాని ఇందులో ఒక లోపము కూడ ఉన్నది. పక్షి ఎక్కడ ఉన్నదో ఆకాశమందలి ఉపగ్రహము చెప్పగలదు. అది అక్కడ ఏమి తిన్నదో, ఎందుకు చచ్చినదో చెప్పలేదు. ఆ మాట చెప్పవలసినవారు నేలమీది మనుష్యులు. పక్షి దిగునది చాలవరకు పొలములలోను, పొలముల ప్రక్క చెట్లమీదను కనుక, ఆ మనుష్యులలో మొదటివాడు రైతు. మన గ్రామములు ఈ పనిలో పాలుపంచుకొననంతవరకు, ఎన్ని పక్షులకు యంత్రములు కట్టినను అది సగము పనియే అగునని నా అభిప్రాయము.

ఎవరీ బాటసారి?

దీనిని అముర్ డేగ అందురు. రష్యా, చైనా దేశముల నడుమ సరిహద్దుగా ప్రవహించు అముర్ నది పేరు దీనికి వచ్చినది. ఆ నదీ ప్రాంతమందును, ఈశాన్య చైనాలోను, కొరియా ఉత్తర భాగమందును వేసవిలో ఇది పిల్లలను చేయును. సొంతముగా గూడు కట్టదు. కాకి జాతి పక్షులు విడిచిన పాత గూళ్ళలో గ్రుడ్లు పెట్టును. మగ పక్షి బూడిదరంగుగా ఉండును. దాని రెక్కల అడుగుభాగము తెల్లగా మెరయును. ఆడపక్షి రొమ్ము తెల్లగా ఉండి దానిమీద నల్లని చారలుండును. రెండింటి కాళ్ళును ఎరుపు కలిసిన నారింజ రంగు.

డేగ అనగానే కోడిపిల్లలను తన్నుకొనిపోవునది మనకు తలపునకు వచ్చును. ఇది అట్టిది కాదు. దీని ముఖ్యాహారము పురుగులు. మిడతలు, తూనీగలు, పెంకుపురుగులు, చెదలకు రెక్కలు వచ్చి ఎగురు ఉసిళ్ళు దీనికి ఇష్టము. చలి మొదలుకాగానే లక్షలకొలది పక్షులు దక్షిణమునకు బయలుదేరి, అక్టోబరు నాటికి మన నాగాలాండు, మణిపూరు, అస్సాం, మేఘాలయ ప్రాంతములలో దిగును. అక్కడ ఉసిళ్ళను కడుపునిండ తిని క్రొవ్వు పట్టును. ఆ క్రొవ్వే వాటి దారిబత్తెము. నవంబరులో కదలి, బంగాళాఖాతపు మీదుగానో, బంగ్లాదేశపు మీదుగానో మన ద్వీపకల్పమును అడ్డముగా దాటి, అరేబియా సముద్రముమీద గాలివాటు చూచుకొని ఆఫ్రికా చేరును. ఆ కాలమందే తూనీగలు కూడ గుంపులుగా ఆ సముద్రమును దాటుచుండును. దారిలో ఈ డేగలకు అవి ఆహారమగునని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. చలికాలమంతయు దక్షిణాఫ్రికా ప్రాంతపు గడ్డిభూములలో గడపి, ఏప్రిల్, మే నెలలలో తిరుగుప్రయాణమగును. రానుపోను ఇరువది వేల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణమిది.

తొలి ప్రయాణము చేయు పిల్లపక్షి సంగతి ఆలోచించి చూడుడు. జూన్, జూలై నెలలలో పుట్టిన పిల్ల, నాలుగైదు నెలల వయస్సుననే సముద్రము దాటవలెను. ఎక్కడ దిగవలెనో, ఎక్కడ దిగరాదో దానికి ఇంకను అనుభవము లేదు. వేటపక్షుల పిల్లలలో సగమో, అంతకన్న ఎక్కువో మొదటి ఏడాది దాటకనే చనిపోవుట సామాన్యము. ఆకలి, గాలివాన, వలలు, విషము, విద్యుత్తు తీగలు అందుకు కారణములు. పెద్ద పక్షి ఒకమారు దారి గడచి వచ్చినది కనుక జాగ్రత్త ఎరుగును. పిల్లపక్షి విషయమున మన జాగ్రత్తయే దాని జాగ్రత్త. పైన చెప్పిన డేగకు అలాంగ్ అని పేరు పెట్టినారు. ఆ నెలలో మణిపూరులోని తమెంగ్లాంగ్ జిల్లాలో యంత్రములు కట్టి విడిచిన మూడు పక్షులలో చిన్నది అదియే. మిగిలినవాటి పేర్లు అపపాంగ్, అహు.

యంత్రము చేయు పని

మన దేశమున అముర్ డేగలకు మొట్టమొదట ఇట్టి యంత్రములు కట్టినది 2013 నవంబరులో. నాగాలాండులో మూడు పక్షులను సన్నని వలతో పట్టి, తూచి, కాలికి గుర్తు కడియము తొడిగి, వీపున అయిదు గ్రాముల యంత్రము కట్టి విడిచినారు. వాటికి నాగా, వోఖా, పాంగ్తి అని పేర్లు పెట్టినారు. అయిదు గ్రాములు ఆ పక్షికి భారము కాదా అని మీరడుగవచ్చును. అరువది కిలోల మనిషి రెండు కిలోల మూట మోయుట వంటిది. అంతకు మించిన బరువు కట్టరాదని నియమము. ఈ యంత్రము ఎండవలన శక్తి పుంజుకొని, తానున్న తావును ఉపగ్రహమునకు తెలుపును. 2016లో లాంగ్‌లెంగ్ అను పేరుతో విడిచిన పక్షి కొన్నేండ్లపాటు తన రాకపోకలను ఇట్లు తెలిపినది.

ఈ సంకేతము ఒకనాడు ఆగిపోవును. పక్షి చచ్చెనో, యంత్రము చెడెనో, త్రాడు తెగి పడిపోయెనో శాస్త్రజ్ఞులకు తెలియదు. 2018లో మణిపూర్ అను పేరు పెట్టి విడిచిన డేగ కొద్ది రోజులలోనే చనిపోయి కనబడినది. అది తెలిసినది మనుష్యులు కాలినడకన పోయి వెదకుటవలన. ఆ వెదకుటకు పోవువారు లేని చోట ఆ పక్షి కథ అక్కడికి ముగిసినట్లే. నేలమీద సాక్షి కావలెనని నేను చెప్పుట ఇందుకే.

పాంగ్తి గ్రామస్థుల మాట

నాగాలాండులోని వోఖా జిల్లాలో దోయాంగ్ జలాశయము ఉన్నది. ఆ ఒడ్డున అముర్ డేగలు అసంఖ్యాకముగా వాలును. 2012 వరకు ఆ చుట్టుపట్ల గ్రామములవారు చేపల వలలను చెట్ల నడుమ కట్టి వాటిని పట్టి అమ్ముచుండెడివారు. ఆ ఏడాది కొందరు పరిశీలకులు అక్కడికి పోయి, ఆ ఒక్క ఋతువులోనే సుమారు 1,20,000 నుండి 1,40,000 వరకు పక్షులు చంపబడియుండునని అంచనా వేసి లోకమునకు తెలిపినారు.

ఇక్కడ మనము గమనింపవలసిన విషయమొకటి ఉన్నది. ఆ గ్రామములవారు దుర్మార్గులు కారు. జలాశయము కట్టినప్పుడు మంచి భూములు మునిగినవి. చేపలవలన రాబడి స్వల్పము. ఏటేట ఆకాశమునుండి దిగు పక్షులు నాలుగు రూకలు తెచ్చిపెట్టినవి. అవి ఎక్కడినుండి వచ్చునో, ఎక్కడికి పోవునో వారికి చెప్పినవారు లేరు. చెప్పినమీదట పాంగ్తి మొదలగు గ్రామముల పెద్దలు కూర్చుండి, వలలు వేయరాదని కట్టడి చేసినారు. మరుసటి ఏడాది, 2013లో, అక్కడ డేగల వేట నిలిచిపోయినది. ఆ ఏటనే కట్టిన యంత్రములలో ఒకదానికి ఆ ఊరిపేరే పెట్టుట సమంజసమైన గౌరవము. వదలుకొన్న రాబడికి సరిపడు బదులు వారికి లభించవలసియున్నదని చెప్పుట కూడ న్యాయమే. త్యాగము చేయుడని బీదవానికి చెప్పుట సులభము; వాని ఇంటి లెక్క చూచువారు తక్కువ.

అర్జెంటీనా రైతులు చూపిన దారి

వలల సంగతి మనకు అంతగా తగలదు. మనకు తగులు కథ దక్షిణ అమెరికాలోనిది. స్వెయిన్‌సన్ డేగ అను పక్షి వేసవిలో అమెరికా సంయుక్త రాష్ట్రములలోను, కెనడాలోను పిల్లలను చేసి, చలికాలమునకు అర్జెంటీనా దేశపు మైదానములకు పోవును. అక్కడ చేలలోని మిడతలను తినును. అందుచేత అక్కడి రైతులు దానిని తమ భాషలో మిడతల డేగ అనియే పిలుచుకొందురు. ఉత్తర కాలిఫోర్నియాలో ఏటేట వచ్చు డేగల సంఖ్య తగ్గుచుండుట చూచి, కారణము తెలియక, బ్రయన్ వుడ్‌బ్రిడ్జ్ అను శాస్త్రజ్ఞుడు 1994లో రెండు పక్షులకు యంత్రములు కట్టి విడిచినాడు. అవి లా పంపా అను ప్రాంతమునకు పోయినట్లు తెలిసినది. 1995 ఆరంభమున ఆయన అక్కడికి పోయి చూడగా, చెట్లక్రింద వందలకొలది డేగలు చచ్చి పడియున్నవి.

కారణము మిడతలకు కొట్టిన మోనోక్రోటోఫాస్. ఈ పేరు మన రైతులకు చిరపరిచితము. మందు కొట్టుచుండగా ఎగిరిన మిడతలను తినుటకు డేగలు చేనిలోనికి దిగినవి. మందు వాటిమీదనే పడినది. మందు తగిలిన మిడతలు వాటి కడుపులోనికి పోయినవి. 1995-96 కాలములో సుమారు 20,000 డేగలు ఇట్లు చనిపోయియుండునని అంచనా. ఎవరు చంపదలచినారు? ఎవరును కాదు. మిడతలను తిను చుట్టమును, మిడతలకు పెట్టిన విషముతో రైతు తెలియకనే చంపుకొన్నాడు.

తరువాత జరిగినది ముఖ్యము. అర్జెంటీనా ప్రభుత్వము, మందు తయారుచేయు సంస్థ, వ్యవసాయ శాఖ ఉద్యోగులు, పక్షిశాస్త్రజ్ఞులు కలిసి పనిచేసినారు. ఆ ప్రాంతమున ఆ మందు వాడుకను మాన్పించినారు. మిగిలిన నిలువలను వెనుకకు తీసికొన్నారు. ఊరూర రైతులకు సంగతి తెలిపినారు. పెద్ద ఎత్తున డేగలు చచ్చుట ఆగిపోయినది. పంటలు పోలేదు. కాలిఫోర్నియాలో రెండు పక్షులకు కట్టిన యంత్రము దారి చూపినది. ఏ చేనికి, ఏనాడు, ఏ మందు కొట్టినారో చెప్పుటవలన కథ తేలినది. రెండును కలిసినప్పుడే ఫలితము వచ్చినది.

మన దేశమందు రాబందుల కథయు అట్టిదే. పశువులకు నొప్పి తగ్గుటకు ఇచ్చు డైక్లోఫినాక్ మందు చచ్చిన పశువు మాంసము ద్వారా రాబందులను చంపుచున్నదని కళేబరములను కోసి పరీక్షించిన మీదటనే బయటపడినది. 2006లో పశువులకు ఆ మందు వాడుటను మన దేశమున నిషేధించినారు. అప్పటికి రాబందులు ఊళ్ళలో కానరాకుండ పోయినవి. ఆలస్యమునకు మనము చెల్లించిన వెల అది.

మనకేమి లాభము?

ఒక రాత్రి నిలిచి పోవు పక్షివలన మన పంటకు కలుగు లాభమెంత అని కొందరు అడుగుదురు. నిజము చెప్పవలెనంటే, ఆ ఒక్క రాత్రివలన మీ చేనిలో పురుగు తగ్గిపోవునని నేను చెప్పను. మనుష్యులకే దిక్కులేనప్పుడు పక్షికి యంత్రమా అని అడుగువారును కలరు. వారికి నేను చెప్పు సమాధానమిది.

బాటసారి పక్షికి హానిచేయు విషమే మన ఊరిలో నిత్యము ఉండు పక్షులకును హాని చేయును. పాలపిట్ట, ఏట్రింత, కొంగ, గుడ్లగూబ, చేనిపై గాలిలో నిలబడి ఎలుకను చూచు చిన్న గద్ద, ఇవన్నియు కూలి అడుగని పాలేళ్ళు. పురుగు ఉధృతి తగ్గించుటకు ఎకరమునకు పదివరకు పంగకర్రలు పాతి పక్షులు వాలుటకు తావు కల్పించవలెనని మన వ్యవసాయ శాఖ ఎంతోకాలముగా చెప్పుచున్నది. కర్ర పాతి పక్షిని పిలిచి, దానికి విషపు విందు పెట్టుట ఏమి పద్ధతి?

ఆ విషము పక్షితో ఆగదు. దానిని చల్లు కూలివాని చర్మములోనికి, ఊపిరిలోనికి పోవును. 2013లో బీహారులోని ఒక బడిలో మధ్యాహ్న భోజనములో ఈ మోనోక్రోటోఫాసే కలిసి 23 మంది పిల్లలు మరణించినారు. కూరగాయలపై ఈ మందు వాడరాదని 2005లోనే మన దేశమున నిషేధించియున్నారు. చేలో చచ్చిన పక్షి మన ఇంటికి ముందుగా వచ్చిన హెచ్చరిక అని గ్రహించవలెను. దానిని చూచి గట్టుమీదికి విసరివేయుట ఆ హెచ్చరికను చదువకనే చింపివేయుట అగును.

రైతులు చేయదగిన పనులు

మందు కొట్టనేకూడదని నేను చెప్పుట లేదు. పురుగు నష్ట పరిమితిని దాటినదో లేదో చూచి, విస్తరణాధికారి సలహాపై, అవసరమైనంతయే కొట్టవలెను. వాన కురిసిన పిదప ఉసిళ్ళు లేచినప్పుడును, మిడతలు గుంపుగా ఎగురునప్పుడును పక్షులు చేరును. అవి తినుచున్న పూట మందు ఆపి, వాటి పని వాటిని చేయనీయుడు.

ఎలుకలకు విషపు ఎర పెట్టినచో, మరునాడు ఉదయమే చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పాతిపెట్టవలెను. వాటిని తిన్న గద్దయు గుడ్లగూబయు చచ్చును. చచ్చిన పశువునకు విషము పూసి కుక్కలకు, నక్కలకు వేయుట నేరము.

గట్లమీది తాళ్ళను, చెరువు కట్టలమీది పెద్ద చెట్లను కొట్టివేయకుడు. అలసి వచ్చిన పక్షి చీకటి పడగనే ఎత్తయిన చెట్టును వెదకుకొనును. నవంబరు నెలలో సాయంకాలము తీగలమీద, చెట్ల కొనలమీద చిన్న డేగలు గుంపుగా కనబడినచో పిల్లలను ఉండేలుతో పోనీయకుడు. అముర్ డేగ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షణ పొందిన పక్షి.

కాలికి కడియమో, వీపున యంత్రమో ఉన్న పక్షి దొరకినచో భయపడవలసిన పని లేదు. అది ఎవరినో కనిపెట్టుటకు పంపినది కాదు. కడియమును ఊడదీయక, దానిమీది అంకెలను వ్రాసికొనుడు. చేతిలోని ఫోనుతో ఫొటో తీయుడు. పక్షి బ్రతికియున్నచో, గాలి ఆడు అట్టపెట్టెలో చీకటిగా ఉంచి, నోటిలో నీరు పోయక, వెంటనే అటవీశాఖవారికి కబురు చేయుడు. చచ్చియున్నచో వట్టి చేతులతో ముట్టక, ఆ చోటు, తేది, వేళ గుర్తించి తెలుపుడు.

గ్రామోద్యోగులకు ఒక మనవి

పంచాయతీ కార్యదర్శులును, వ్యవసాయ విస్తరణాధికారులును తమ పుస్తకములో ఒక పుట దీనికి కేటాయించుట కష్టము కాదు. పక్షి కనబడిన తేది, పొలము, అందలి పైరు, ఆ చుట్టుప్రక్కల వారము దినములలో కొట్టిన మందు పేరు, చచ్చిన పక్షుల లెక్క. ఇంతే చాలును. లా పంపాలో అన్నిటికన్న విలువైనది మందు పేరే. మన గ్రామములలో ఆ మందు పేరు రైతుకును, దుకాణదారునకును తెలియును. కాగితముమీదికి మాత్రము రాదు. కబురు తెచ్చిన రైతును అనుమానముతో ప్రశ్నించుటగాని, కార్యాలయముల చుట్టు త్రిప్పుటగాని చేయరాదు. ఒకమారు అట్లు జరిగినచో, రెండవమారు ఎవరును కబురు తేరు.

శాస్త్రజ్ఞులకును ఒక మాట చెప్పవలెను. మీ పక్షి మా ఊరిమీదుగా పోవుచున్నదని మీకు ముందుగనే తెలియుచున్నది. ఆ సంగతి ఆ జిల్లా రైతునకు తెలుగులో, ఆ వారములోనే తెలియజేయుడు. పాంగ్తి గ్రామస్థులకు తెలిపిన పిదపనే వారు వలలు విప్పినారు. తెలియనివానిని నిందించుటకన్న తెలుపుట మేలు.

అముర్ నదీతీరమున పుట్టిన పిల్ల, మన కొండలలో బలిసి, మన పొలముల మీదుగా పోయి, ఆఫ్రికాలో చలికాలము గడపి వచ్చుటకు ఎన్నో దేశములవారు తమ వంతు పని తాము చేయవలెను. మన వంతునకు వచ్చినది ఒకటి రెండు రాత్రులు మాత్రమే. రానున్న నవంబరులో ఈ డేగలు మరల మన ఆకాశముమీదుగా పోవును. అప్పటికి మీ చేలో ఏ మందు ఉండునో, గట్టున ఏ చెట్టు నిలిచియుండునో నిర్ణయించువారు మీరే.